కుబర్నెటీస్‌లోకి హెచ్‌టీటీపీఎస్ ట్రాఫిక్: ఎన్‌క్రిప్షన్ ఎక్కడ ఆగుతోంది?

గత ఎపిసోడ్‌లో పాడ్ అంటే ఏంటి, సర్వీస్ అంటే ఏంటి చూశాం కదా. ఈరోజు బ్రౌజర్ నుంచి వచ్చే హెచ్‌టీటీపీఎస్ రిక్వెస్ట్ మన క్లస్టర్‌లోని పాడ్ దాకా ఎలా చేరుతుందో చూద్దాం. ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి: ఎన్‌క్రిప్షన్‌ని మనం ఎక్కడ విప్పుతున్నాం? ఇందులో వచ్చే చాలా ఎర్రర్లకు జవాబు అక్కడే దొరుకుతుంది.

మన దగ్గర షాప్, పేమెంట్ అని రెండు యాప్‌లు ఉన్నాయనుకుందాం. రెంటికీ విడివిడిగా లోడ్ బ్యాలెన్సర్ పెడితే ఖర్చు పెరుగుతుంది. అందుకే ఒకే లోడ్ బ్యాలెన్సర్ పెట్టి, దాని వెనకాల ఇంగ్రెస్ కంట్రోలర్‌ని పెడతాం. ఏ హోస్ట్‌నేమ్, ఏ పాత్ వస్తే ఏ సర్వీస్‌కి పంపాలో ఇంగ్రెస్‌లో రాస్తాం. ఇంగ్రెస్ అంటే రూల్ మాత్రమే, పని చేసేది కంట్రోలర్. కంట్రోలర్ లేకుండా రూల్ అప్లై చేస్తే ఎర్రర్ రాదు, పనీ జరగదు!

బ్రౌజర్ 443 పోర్టుకి వచ్చినప్పుడు మొదటి మెసేజ్‌లోనే తనకు ఏ డొమైన్ కావాలో చెబుతుంది. దీన్ని ఎస్ఎన్ఐ అంటారు. అది చూసి కంట్రోలర్ ఆ డొమైన్ సర్టిఫికెట్ ఇస్తుంది. సర్టిఫికెట్, ప్రైవేట్ కీ రెండూ ఒక టీఎల్ఎస్ సీక్రెట్‌లో ఉంటాయి. ఆ సీక్రెట్ ఇంగ్రెస్ ఉన్న నేమ్‌స్పేస్‌లోనే ఉండాలి. దొరక్కపోతే ఇంగ్రెస్ ఎన్జినెక్స్ తన దగ్గరున్న ఫేక్ సర్టిఫికెట్ ఇచ్చేస్తుంది. ఆ పేరు కనిపించిందంటే ముందు సీక్రెట్ పేరు, నేమ్‌స్పేస్ చెక్ చేయండి.

ఇక అసలు పాయింట్. మామూలు సెటప్‌లో ఎన్‌క్రిప్షన్ కంట్రోలర్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి పాడ్ దాకా వెళ్లేది సాదా హెచ్‌టీటీపీ. బ్రౌజర్ సెక్యూర్ అని చూపిస్తోంది కదా అని, కస్టమర్ పాస్‌వర్డ్ పాడ్ దాకా భద్రంగా వెళ్తోందని అనుకోకండి.

ఇంకో తలనొప్పి కూడా ఇక్కడే మొదలవుతుంది. యాప్‌కి అందేది హెచ్‌టీటీపీ కాబట్టి అది హెచ్‌టీటీపీఎస్‌కి రీడైరెక్ట్ చేస్తుంది. బ్రౌజర్ మళ్లీ వస్తుంది, యాప్ మళ్లీ తిప్పి పంపుతుంది. చివరికి 'టూ మెనీ రీడైరెక్ట్స్'! కంట్రోలర్ పంపే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌ని యాప్ చదివేలా సెట్ చేస్తే సమస్య తీరుతుంది.

మరి పేమెంట్ యాప్ సంగతేంటి? రెండు దారులున్నాయి. ఒకటి పాస్‌త్రూ: ట్రాఫిక్‌ని విప్పకుండా నేరుగా పాడ్‌కి పంపడం. అప్పుడు కంట్రోలర్‌కి పాత్ కనిపించదు, కాబట్టి పాత్‌ని బట్టి రూటింగ్ కుదరదు. రెండోది, కంట్రోలర్ దగ్గర విప్పి, పాడ్‌కి పంపేటప్పుడు మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయడం. రూటింగ్ కూడా కావాలంటే ఇదే మేలు.

చివరగా రెన్యువల్. లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలుగా ఇచ్చే సర్టిఫికెట్ 90 రోజులే. సర్ట్-మేనేజర్ పెట్టుకుంటే గడువుకి సుమారు 30 రోజుల ముందే రెన్యూ చేస్తుంది. కానీ హెచ్‌టీటీపీ-01 పద్ధతి వాడితే వెరిఫికేషన్ 80 పోర్టు మీదే జరుగుతుంది. సెక్యూరిటీ కోసమని ఎవరైనా ఫైర్‌వాల్‌లో 80 మూసేస్తే ఆ రోజు ఏమీ తెలియదు, గడువు తీరిన రోజు సైట్ ఓపెన్ చేసినవాళ్లందరికీ వార్నింగే. కాబట్టి 80 తెరిచే ఉంచి, యూజర్లను అక్కడి నుంచి 443కి రీడైరెక్ట్ చేయండి.

ఇంగ్రెస్ ఏపీఐకి ఇక కొత్త ఫీచర్లు రావు. దాని తర్వాతి తరం గేట్‌వే ఏపీఐ, 2023లో 1.0 వెర్షన్ వచ్చింది. దాని గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఈలోపు మీ క్లస్టర్‌లో ఎన్‌క్రిప్షన్ ఎక్కడ ఆగుతోందో ఒకసారి చూసుకోండి. డౌట్స్ ఉంటే కామెంట్‌లో అడగండి. ఉంటానండి.