పాత టైరు తుక్కు: ఏ దారిన పోతే మేలు?

(మా వాణిజ్య ప్రతినిధి)

రబ్బరు వర్తకుల దృష్టి సాధారణంగా కొట్టాయం ధరలపైనే ఉంటుంది. అయితే పాత టైర్ల తుక్కు కూడా గిరాకీగల సరుకే. అది ఏ కర్మాగారానికి చేరుతుందన్న దానిని బట్టి పర్యావరణానికి మేలో కీడో జరుగుతుంది. 2022 నుంచి ఈ వర్తకంలోని రాబడికీ దానితో ముడిపడింది.

టైరు తయారీలో రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తారు. అలా గట్టిపడిన రబ్బరు మళ్లీ కరగదు, మట్టిలో త్వరగా కుళ్లదు. గుట్టలుగా పడివుంటే వాననీరు నిలిచి డెంగీ దోమలు పెరుగుతాయి. తగలబెడితే విషపు పొగ వస్తుంది.

ఈ తుక్కుకు మేలైన దారులు మూడు. మొదటిది రీట్రెడింగ్. లారీ టైరు పైభాగం అరిగినా లోపలి కట్టు గట్టిగా ఉంటే కొత్త పట్టీ వేసి నడపవచ్చు. ముడిసరుకు ఆదా ఇందులోనే ఎక్కువ.

రెండవది రీక్లెయిమ్. టైరును పొడిచేసి, ఇనుప తీగను అయస్కాంతంతో వేరుచేసి, నూనెలు, రసాయనాలు కలిపి ఆవిరి ఒత్తిడిలో ఉడికిస్తారు. గంధకపు బంధాలు సడలి రబ్బరు మెత్తబడుతుంది. అందులో కార్బన్ బ్లాక్ ముందే కలిసివుంటుంది గనుక పెట్రోలియం ముడిసరుకు కొంత ఆదా అవుతుంది. బలం మాత్రం కొత్త రబ్బరంత ఉండదు. అందుచేత మ్యాట్లు, చెప్పుల అడుగులు, గొట్టాల తయారీలో కొత్త రబ్బరుతో కలిపి వాడతారు.

మూడవది, టైరు పొడిని రోడ్డు తారులో కలపడం.

ఇక టైర్లను గాలి తగలకుండా వేడిచేసి నూనె, బొగ్గుపొడి తీసే పైరోలిసిస్ పద్ధతి ఉంది. సక్రమంగా నడపని యూనిట్లు గాలిని, నేలను పాడుచేస్తాయి. ఈ అవసరానికి పాత టైర్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది.

2022 జూలైలో వెలువడిన కేంద్ర నిబంధనల ప్రకారం టైర్ల తయారీదారులు, దిగుమతిదారులు తుక్కు రీసైక్లింగ్ బాధ్యత వహించాలి. రెండేళ్ల కిందట తాము తయారుచేసిన లేక దిగుమతి చేసుకున్న పరిమాణంలో 2022-23లో 35 శాతం, 2023-24లో 70 శాతం, 2024-25లో 100 శాతంగా ఈ బాధ్యతను నిర్ణయించారు. ఇందుకు వారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిలో నమోదైన రీసైక్లర్ల నుంచి సర్టిఫికెట్లు కొనాలి.

సహజ రబ్బరు ధర పడిపోతే రీక్లెయిమ్ గిరాకీ సన్నగిల్లడం మామూలే. అటువంటి సమయంలో సర్టిఫికెట్ల రాబడి రీసైక్లరుకు కొంత ఊతమిస్తుంది. నమోదు లేని యూనిట్‌కు ఆ రాబడి ఉండదు. కనుక తుక్కు అమ్మేవారు తూకం, ధరలతో పాటు కొనేవారి రిజిస్ట్రేషన్ కూడా చూసుకోవడం శ్రేయస్కరం.