రాయదుర్గము – స్థలనామ పరిశీలనము

శాసనము లభింపని చోట, కైఫీయతు కానరాని చోట ఊరి పేరే చరిత్రకు సాక్ష్యము. హైదరాబాదునకు పడమట, నేటి సైబరాబాదు నడుమ నున్న రాయదుర్గము ఇందుకు మంచి నిదర్శనము. 1998లో పొరుగున మాదాపూరులో సైబర్ టవర్స్ వెలసిన పిదపనే ఈ పల్లెసీమ రూపు వేగముగా మారినది.

ఇచ్చటి బండలను చూచిన వారికి ఈ పేరులోని పూర్వపదము ‘రాయి’ యని తోచుట సహజము. కాని ‘రాయి’ శబ్దము సమాసమున సాధారణముగా ‘రాతి’ అను ఔపవిభక్తిక రూపమును పొందును. రాతికోట, రాతిగోడ అనునవి ఇట్టివే. కావున ఇది ‘రాజ’ శబ్దభవమైన ‘రాయ’ అనుట యుక్తము. అనంతపురము జిల్లాలోని రాయదుర్గము కూడ ఈ కోవలోనిదే.

ఇక ‘దుర్గము’ అనగా కోట మాత్రమే కాదు. చేరుటకు కష్టమైన చోటు అనియు అర్థము. ఇచ్చటి ప్రకృతి ఈ రెండవ అర్థమునకు చక్కగా సరిపోవుచున్నది. సుమారు 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైటు శిలలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుండ్లు, వాని మరుగున దుర్గము చెరువు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు త్రాగునీరు ఈ చెరువు నుండియే అందెడిది. కొండల చాటున దాగియుండుటచే దీనికి ‘సీక్రెట్ లేక్’ అను పేరు కూడ వచ్చినది.

రెవెన్యూ లెక్కలలో రాయదుర్గము పాయెగా, నవ్‌ఖాల్సా, పన్‌మక్తా అని మూడుగా కనిపించును. పాయెగా నిజాము సేనల పోషణకై ప్రభువంశమున కిచ్చిన భూమి. ఖాల్సా సర్కారు నేరుగా శిస్తు గైకొను భూమి. మక్తా నిర్ణీతమైన పైకమునకు ఒప్పగించిన భూమి. ఒక్క ఊరి పేరు ప్రక్కన నిజాము కాలపు భూవ్యవస్థ యంతయు నిలిచియున్నది.

2019లో మెట్రో స్టేషను, 2020లో చెరువుపై తీగల వంతెన వచ్చినవి. దుర్గమమైన చోటు సుగమమైనది. స్టేషను పేరుగా ఊరి పేరు నిలిచినది. కాని గుండ్లకు, కుంటలకు, చేలకు గల పేర్లకు అట్టి అండ లేదు. గుండు పగిలిన, కుంట పూడిన, ఆ పేరు పలుకు అవసరమే ఉండదు. 1954–55 నాటి ఖాస్రా పహాణీలను, సేత్వార్లను పరిశీలించి, ఊరి వృద్ధుల నోట నున్న పేర్లను సేకరించుట పరిశోధకుల తక్షణ కర్తవ్యము. పహాణీ ఎప్పుడైనను చూడవచ్చును. వృద్ధుల జ్ఞాపకము అంతకాలము వేచియుండదు.