కొలిమి నుండి కుర్చీ దాకా

జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మె తయారైనది 1912లో. ఎనిమిది గంటల పనిదినం అక్కడ ఆచరణలోనికి వచ్చినది కూడా ఆ సంవత్సరమే. అప్పటికి ఈ దేశపు బట్టల మిల్లులలో మగ కార్మికుని చేత రోజుకు పన్నెండు గంటలు పని చేయించడం చట్టసమ్మతమైన విషయం. అమెరికాలోని అతి పెద్ద ఉక్కు సంస్థ పన్నెండు గంటల పనిదినాన్ని విడిచిపెట్టడానికి 1923 దాకా పట్టింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, అడవులను ఆనుకొని వెలసిన ఒక కొత్త ఊరు ఈ ఒక్క విషయంలో సంపన్న దేశాల కంటె ముందు నడిచింది.

అంతటితో ఆగలేదు. 1915లో ఉచిత వైద్యం, 1920లో జీతంతో కూడిన సెలవు, భవిష్యనిధి, ప్రమాద పరిహారం వచ్చాయి. వీటన్నిటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే: మనిషి దేహానికి ఒక ఓర్పు ఉన్నది, పని దానిని మించరాదు.

ఆ ఊరిలో నేడు కొలిమి ఎదుట నిలిచి గడ్డపారతో పనిచేసే వారి సంఖ్య స్వల్పం. ఉక్కు కరిగే చోటికి దూరంగా, అద్దాల గదిలో కూర్చుని, కంప్యూటరు తెరల మీద ఉష్ణోగ్రతలను, పీడనాలను కనిపెడుతూ కొలిమిని నడిపే పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నది. జంషెడ్‌పూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. అటువంటి ఇంట తాత కొలిమి సెగలో చెమటోడ్చి ఉంటే, మనుమరాలు చల్లని గదిలో కీబోర్డు ముందు కూర్చున్నది. ఆమె పనివేళ కూడా ఎనిమిది గంటలే. అయితే తాతకు తగిలే గాయం కంటికి కనబడేది, లెక్కకు వచ్చేది. మనుమరాలి మెడకు, మణికట్టుకు, నడుముకు తగిలే గాయం రోజుకు వీసమెత్తుగా పేరుకుంటుంది. అది బయటపడేనాటికి ఏ రోజున మొదలైనదో ఆమెకే తెలియదు.

ఈ జబ్బు కంప్యూటరుతో పుట్టినది కాదు. వృత్తి వ్యాధులను గురించి తొలి సమగ్ర గ్రంథం రచించిన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని, 1713 నాటి తన రెండవ ముద్రణలో వ్రాయసకాండ్ర బాధలను వర్ణించాడు. కదలక కూర్చోవడం, చేతిని ఒకే దిశలో ఎడతెగక ఆడించడం, తప్పు దొర్లకూడదన్న మానసిక శ్రమ — ఈ మూడే వారి రోగాలకు మూలమని ఆయన తేల్చాడు. నేటి కంప్యూటరు ఉద్యోగిని పరీక్షించిన వైద్యుడు ఈ మూడింటిలో ఒక్కటి కూడా కొట్టివేయలేడు. తరువాత తంతి కార్యాలయాలు వచ్చాయి. మీట నొక్కి నొక్కి గుమాస్తాల చేతులు కొంకర్లు పోవడం మొదలైనది. బ్రిటన్‌లో 1908లో దీనిని పరిహారానికి అర్హమైన వృత్తి వ్యాధులలో చేర్చారు. 1980ల తొలి సంవత్సరాలలో ఆస్ట్రేలియాలో కీబోర్డు ఉద్యోగుల చేతి నొప్పులు అంటువ్యాధి వలె వ్యాపించి దేశమంతటా వివాదమైనది. ఐరోపా దేశాల కూటమి 1990లో తెరల ముందు పనిచేసే వారికోసం ప్రత్యేకంగా ఒక ఆదేశాన్నే వెలువరించింది.

పనిని మనిషికి అమర్చే శాస్త్రానికి ఎర్గోనామిక్స్ అని పేరు. పని, నియమం అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాలను కలిపి పోలండు దేశపు పండితుడు యస్త్రజెంబోవ్‌స్కీ 1857లో ఈ మాటను కల్పించాడు. పేరు కొత్తదే గాని ఆలోచన మనకు కొత్త కాదు. మన నేతగాడి గుంట మగ్గాన్ని చూడండి. నేల మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, పావళ్ళు తొక్కుతూ నేస్తాడు. గుంట లోతు అతని కాళ్ళ పొడవును బట్టి, మగ్గం ఎత్తు అతని మోచేతిని బట్టి అమరుతాయి. బజారులో కొని తెచ్చిన మేజా ఎదుట మనం చేస్తున్నది దీనికి సరిగ్గా విరుద్ధం. మేజా మారదు, మనమే దాని కొలతకు ఒంగుతున్నాము.

మేజా ఎత్తు గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. తక్కిన చిక్కులలో సగం దీని నుండి పుట్టేవే. ఆఫీసు మేజాలు సాధారణంగా 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి. సుమారు 160 సెంటీమీటర్ల పొడవున్న వ్యక్తి పాదాలు నేలకు ఆనించి కూర్చుంటే ఆ వ్యక్తి మోచేయి నేల నుండి 60, 65 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అనగా కీబోర్డు మోచేతి కంటె పది, పదిహేను సెంటీమీటర్లు పైన ఉన్నదన్నమాట. చేతులు అక్కడికి చేరడానికి భుజాలు పైకి లేవాలి. లేచిన భుజాలను రోజంతా మోసేది మెడ కండరాలే. సాయంత్రానికి మెడ పట్టివేయడం, తల వెనుక నొప్పి పుట్టడం ఇందువలననే. కుర్చీ ఎత్తు పెంచితే చేతులకు సుఖం, కాని పాదాలు గాలిలో వ్రేలాడతాయి. కుర్చీ అంచు తొడల క్రింద ఒరుసుకొని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. విరుగుడు ఏమంత ఖరీదైనది కాదు. కుర్చీ పెంచి, పాదాల క్రింద ఒక పీట వేసుకోవాలి. ప్రతి ఇంటా ఉండే కొయ్య పీట ఇందుకు చాలు. మేజా కాళ్ళను కోయగల వీలుంటే అది ఇంకా మేలు, కాని ఆఫీసు మేజాను కోయనిచ్చే యజమాని అరుదు.

విదేశీ కొలతలకు చేసిన సామాను మన దేహాలకు పొసగదన్న సంగతి గుర్తించే, అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ 1997లో భారతీయుల దేహ కొలతలను ఒక గ్రంథంగా ప్రకటించింది. కుర్చీలు చేసేవారు, కొనేవారు దానిని తెరచి చూసి ఉంటే నడుము నొప్పులు కొంత తగ్గి ఉండేవి.

ఇక కుర్చీ. వీపు నిటారుగా నిలిపి, సైనికుని వలె బిగుసుకొని కూర్చోవాలని బడిలో నేర్పినారు. 1960లలో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ జీవించి ఉన్న మనుషుల వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ళలో సూది గుచ్చి పీడనాన్ని కొలిచాడు. నిలబడినప్పటి కంటె ఆనుడు లేకుండా కూర్చున్నప్పుడు పీడనం ఎక్కువని తేలింది. జర్మనీలో 1999లో జరిగిన మరొక పరీక్ష ఈ తేడా అంత నిజం కాదన్నది. అయితే అది ఒకే ఒక్క వ్యక్తి మీద జరిగింది. స్కాట్లాండు పరిశోధకులు 2006లో ఎమ్.ఆర్.ఐ. చిత్రాలు తీసి, వీపు 135 డిగ్రీల దాకా వెనుకకు వాలినప్పుడు వెన్నుకు అత్యంత సుఖమన్నారు. ఆ వాలులో టైపు చేయడం మాత్రం సాధ్యం కాదు. పరిశోధకులలో ఏకాభిప్రాయం లేకపోయినా గృహస్థుడు గ్రహించవలసినది సులభమే: నడుము వంపుకు ఆనుడు ఉండాలి, వీపు కొద్దిగా వెనుకకు వాలాలి. కుర్చీకి ఆ వంపు లేకపోతే చుట్టిన తువ్వాలు ఒకటి నడుము వెనుక పెట్టుకోవచ్చు. కుర్చీ అంచుకు, మోకాలి వెనుక భాగానికి నడుమ రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి.

తెరను చేయి చాచినంత దూరంలో నిలపాలి. దాని పై అంచు కంటి మట్టానికి గాని, కొంచెం దిగువకు గాని ఉండాలి. రెండు పొరల కళ్ళద్దాలు ధరించే వారికి ఇంకొంత దిగువ. లేకుంటే అద్దం క్రింది భాగంలో నుండి చూడడానికి గడ్డం ఎత్తి మెడ విరుచుకోవలసి వస్తుంది. లాప్‌టాప్ అనే యంత్రం ఈ నియమాన్ని పుట్టుకతోనే ధిక్కరించినది. తెరను కంటికి సరిపెడితే చేతులు అందవు, చేతులకు సరిపెడితే తల వాలుతుంది. తల బరువు సుమారు అయిదు కిలోలు. ముందుకు వంగిన కొద్దీ దానిని పట్టి నిలిపే శ్రమ పెరుగుతుంది. అరవై డిగ్రీలు వంగితే మెడ మీద 27 కిలోల భారం పడుతుందని 2014లో ఒక అమెరికా శస్త్రవైద్యుడు లెక్క కట్టాడు. అది లెక్కయే గాని కొలత కాదు. అయినా దాని దిశ తప్పు కాదు. 2020 మార్చిలో లాక్‌డౌను విధించినప్పుడు లక్షలాది ఉద్యోగులు మంచాల మీద, వంటింటి గట్ల మీద లాప్‌టాప్‌లు తెరిచారు. వారిలో చాలామందికి ఈ సంగతి ఒంటి నొప్పులే నేర్పాయి. నాలుగు లావుపాటి పుస్తకాల మీద లాప్‌టాప్‌ను ఎత్తి, విడి కీబోర్డు, మౌస్ తగిలిస్తే చాలు. వందల రూపాయలలో తీరే వ్యవహారం. మౌస్ కీబోర్డు ప్రక్కనే ఉండాలి. దాని కోసం చేయి చాచవలసి వస్తే భుజానికి చేటు.

కళ్ళ సంగతి వేరు. తీరికగా ఉన్నప్పుడు నిమిషానికి సగటున 22 మార్లు రెప్పలార్చే మనుషులు, పుస్తకం చదివేటప్పుడు 10 మార్లు, తెర చూసేటప్పుడు 7 మార్లు మాత్రమే ఆర్చుతున్నట్లు జపాను వైద్యులు 1993లో ప్రకటించారు. రెప్ప ఆర్చని కన్ను ఎండుతుంది. ఎదురుగా ఫ్యాను గాలి గాని ఏ.సి. గాలి గాని తగిలితే మరింత ఎండుతుంది. కిటికీ తెర వెనుక గాని, మన వీపు వెనుక గాని ఉండరాదు, ప్రక్కన ఉండాలి. మన ఎండలకు ఒక కర్టెను కూడా తప్పదు. ఇరవై నిమిషాలకొకసారి, ఇరవై సెకన్లు, ఇరవై అడుగుల దూరపు వస్తువును చూడమని కంటి వైద్యులు చెబుతారు. కిటికీ అవతల ఒక వేపచెట్టు ఉంటే ఈ నియమం దానంతటదే సాగిపోతుంది.

విద్యుత్తు గురించి ఒక్క మాట. మూడు కాళ్ళ ప్లగ్గును ఎర్తింగు లేని రెండు రంధ్రాలలో ఇరికించడం, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మానిటరుతో బాటు ఇస్త్రీ పెట్టెను కూడా తగిలించడం, తీగలను నడవలో పరచడం మన ఇళ్ళలో నిత్యం కనిపించే దృశ్యాలు. పరుపు మీద పెట్టిన లాప్‌టాప్‌కు గాలి ఆడే రంధ్రాలు మూసుకుపోయి అది వేడెక్కుతుంది. మెడనొప్పి నెలల మీద వస్తుంది. ఇది క్షణంలో ముంచుతుంది.

ఇవన్నీ సరిగా అమర్చుకున్న తరువాత కూడా ఒక చిక్కు మిగులుతుంది, అదే అన్నిటికంటె పెద్దది. ఎంత మంచి కుర్చీ అయినా కదలకుండా కూర్చోవడానికి అనుమతి పత్రం కాదు. లండన్ బస్సులలో రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటె, మేడ బస్సు మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని జెరెమీ మోరిస్ బృందం 1953లోనే చూపింది. చిత్రమేమంటే, 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే ఏర్పాటు చేయాలని యజమానులను ఆదేశించింది. ఆనాటి న్యాయం అది. నేటి కార్మికునికి కావలసినది లేచి నిలబడే ఏర్పాటు! అరగంటకొకసారి లేచి, మంచినీళ్ళ కుండ దాకానో, సహోద్యోగి మేజా దాకానో నడిచి రావడానికి ఖర్చు లేదు. అయితే అలా లేచిన మనిషిని పని ఎగవేసినవాడిగా చూడని పై అధికారి కావాలి. 1912లో గంటలను తగ్గించినది యాజమాన్యమే. ఈ నిమిషాలను ఇవ్వవలసినది కూడా వారే.

జంషెడ్‌పూరు మూడు షిఫ్టుల ఊరు. కొలిమి ఆరదు కనుక దానిని కనిపెట్టే గదిలోని కుర్చీకి కూడా విశ్రాంతి లేదు. రోజుకు ముగ్గురు మనుషులను మోస్తుంది. ఆరడుగుల మనిషి తనకు అమర్చుకున్న కుర్చీలోకి తరువాతి షిఫ్టులో అయిదడుగుల మనిషి వస్తే, ఒకరి సుఖం ఇంకొకరి నడుము నొప్పి అవుతుంది. ఇటువంటి చోట కుర్చీ ఎత్తును మార్చే పిడి, తెరను వంచే కీలు పాడైతే వెంటనే బాగుచేయించడం యంత్రానికి నూనె వేయడం వంటిదే. కుర్చీ కాడ మీద మూడు రంగుల పట్టీలు అంటించి, ఎవరి గుర్తు వారు పెట్టుకుంటే, షిఫ్టు మారిన అర నిమిషంలో కుర్చీ కొత్త మనిషికి సరిపోతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒకే కంప్యూటరుతో సరిపెట్టుకునే ఇంటికి కూడా ఆ రంగు పట్టీలే చాలు.