బొమ్మ అక్షరము, అంకె అక్షరము

మా పితామహులు నీలిసిరాతో వ్రాసిన వంశవృక్షపత్ర మొకటి మా యింట నున్నది. తమ తరువాతివారి పేర్లకై ఆయనయే క్రిందివరుసలో చుక్కలగీతలు గీసి ఖాళీలు విడిచిపెట్టిరి. కాగితము మడతలయొద్ద చిట్లిపోవుచుండుటచే దానిపై కలము పెట్ట మనసొప్పక, స్కాను చేయించి, ఆ ఖాళీలలో వర్డ్ ప్రాసెసర్ సాయమున పేర్లు చేర్పబూనితిని. ఫైలు తెరచి గీతపై కర్సరు నిలుపజూచినంతనే విషయము బోధపడినది. తెరపై నాకు స్పష్టముగా కనబడుచున్న 'వేంకట' అను మాటలో ఒక్క యక్షరమునైనను ఆ యంత్ర మెరుగదు. దానికి అది వెలుగునీడల చుక్కలరాశి మాత్రమే.

ఈ చుక్కలకథ 1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అను సంస్థలో ఆరంభమైనది. రస్సెల్ కిర్ష్ అను శాస్త్రజ్ఞుడు, తన సహచరులతో గూడి, తిరుగు పీపాయొకటి నిర్మించి, మూడునెలల పసివాడైన తన కుమారుడు వాల్డెన్ ఫోటోను, అయిదు సెంటీమీటర్ల చదరపు ముక్కను, దానికి చుట్టెను. పీపా తిరుగుచుండగా ఫోటోనుండి పరావర్తనమైన వెలుతురును ఒక కాంతిగ్రాహకనాళము విద్యుత్తుగా మార్చుచుండ, సీయాక్ అను కంప్యూటరు ఆ పసిముఖమును 176 వరుసలుగా, వరుసకు 176 చుక్కలుగా, మొత్తము 30,976 చుక్కలుగా గ్రహించినది. ఒక్కొక్క చుక్క నలుపో తెలుపో కావలసినదేగాని నడుమ బూడిదవన్నెకు తావులేదు; అందుచే వెలుతురుహద్దును మార్చిమార్చి పలుమారులు చదివించి, ఆ ఫలితముల నొకదానిపై నొకటి పేర్చి, ఛాయలను రాబట్టిరి. చుక్కను చదరముగా నెంచుకొన్నందులకు కిర్ష్ వృద్ధాప్యమున పశ్చాత్తాపపడి, ఎనుబదియేండ్ల వయసున వేరు ఆకృతుల చుక్కలతో బొమ్మలు నిర్మించుటకు మరల పూనుకొనెను. ఆ పశ్చాత్తాపములోని న్యాయము తెలుగువానికి తెలిసినంతగా మరియొకనికి తెలియదేమో! మన అక్షరము వంపులమయము. తక్కువ చుక్కలతో స్కాను చేసినచో 'ల'యొక్క సుడి మెట్లుమెట్లుగా విరిగిపోవును. అంగుళమునకు 300 చుక్కలు తీసికొన్నచో ఏ-4 కాగితము సుమారు 87 లక్షల చుక్కలగును. అప్పుడుగాని ఆ సుడి సుడిగా కనబడదు.

1969లో బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అనువారలు కనిపెట్టిన సీసీడీ అను కాంతిగ్రాహక ఫలకమువలన పీపా అవసరము తీరి, అద్దముపై కాగితము కదలక పరుండగా దాని క్రింద దీపము నడచు స్కానరు సాధ్యమైనది. అట్టి స్కానరును అక్షరములను గుర్తించు ప్రోగ్రాముతోను, పలుకు యంత్రముతోను జతపరచి, రే కుర్జ్‌వైల్ 1976లో అంధులకు పుస్తకములు చదివి వినిపించు యంత్రమును వెలువరించెను. చూపులేనివారికొరకై యంత్రమునకు చదువు నేర్పిన ఈ ఘట్టము ఈ చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైనది.

వర్డ్ ప్రాసెసర్ వంశము వేరు. 1964లో ఐబీఎం సంస్థ టైపురైటరును అయస్కాంతపు టేపుతో జతచేసినది. మీట నొక్కినంతనే అక్షరము కాగితముపై పడుటయేగాక, సంకేతమై టేపునను నిలిచెడిది. అచ్చుకాబోవు పుటనే తెరపై చూపు బ్రావో అను ప్రోగ్రామును 1974లో జిరాక్స్ పరిశోధనాలయమున నిర్మించినవారిలో నొకడైన చార్లెస్ సిమోన్యీ, తరువాత మైక్రోసాఫ్టునకు మారి, 1983లో వెలువడిన వర్డునకు మూలపురుషుడయ్యెను. ఈ వంశమున అక్షరమునకు రూపము లేదు, సంఖ్యయే కలదు. యూనికోడులో 'క' అనగా 0C15, అంతే. స్కానరుకు రూపము తెలియును, పేరు తెలియదు; వర్డునకు పేరు తెలియును, కాగితము తెలియదు.

ఈ రెండింటిని ఒక్కపుటలో నిలుపుటకు ఉపాయము పొరలు. స్కాను బొమ్మను పుటలో చేర్చి, దానిని పాఠ్యమునకు వెనుకకు నెట్టి, పైన టెక్స్ట్ బాక్సు నొకటి పరచి, దానికి రంగును అంచును తీసివేసినచో, క్రింది చుక్కలగీత పైకి కనబడును. రంగు తీయుట మరచితినేని తెల్లనిపెట్టె తాతగారి గీతను కప్పివేయును. నా బొమ్మ ఒక డిగ్రీ వాలియుండెను. ఒక డిగ్రీయే గదా యనుకొందుముగాని, ఇరువది సెంటీమీటర్ల గీత ఆ కొసకు చేరునప్పటికి మూడున్నర మిల్లీమీటర్లు జారినది. పేర్లను వంచుటకు బదులు బొమ్మనే త్రిప్పి సరిచేసితిని. 'లక్ష్మి' అని టైపుచేయగా షకారపు వత్తును దాని క్రింది మకారపు వత్తును సగము తెగిపోయినవి. పంక్తుల యెడమును కొలతకు బిగించియుంచినందున పెట్టె అక్షరపు పాదములను కోసినదని గ్రహించి, ఆ బిగింపును సడలించినంతనే వత్తులు చుక్కలగీతను దాటి క్రిందికి వచ్చి నిలిచినవి.

బొమ్మనే అక్షరములుగా మార్చు ఓసీఆర్ మార్గమును ప్రయత్నింపకపోలేదు. అచ్చుతెలుగు అక్షరములను యంత్రముచే గుర్తింపజేయుటకు రాజశేఖరన్, దీక్షితులుగార్లు 1977నాటికే పరిశోధన ప్రకటించిరి. నేడు అచ్చుపుస్తకములకు ఉచితసాధనములును కలవు. అవి గుర్తించిన పాఠ్యమును పుటబొమ్మతో కంటికి కనబడని పొరగా చేర్చుటచేతనే పాతపుస్తకముల స్కానులలో మాటను వెదకగలుగుచున్నాము. తాతగారి చేతివ్రాతమాత్రము వాటికి లొంగలేదు. 'వ'కును 'ప'కును ఆయన కలము చూపు భేదము మా యింటివారికే తెలియును.

అందుచే ఆయన వ్రాసినది బొమ్మగానే యుండనిచ్చి, నా పేర్లను నల్లని అచ్చులో టైపుచేసితిని. నీలిరంగు ఎంచుకొన్నచో కలిసిపోయెడిదే. గాని ఆయన వ్రాయనిది ఆయన వ్రాసినట్లు కనబడరాదు. చివరిగా మనుమరాలి పేరు చేర్చి ముద్రించి చూచునప్పటికి, ఇంకను రెండు గీతలు ఖాళీగా మిగిలియున్నవి.