మహాద్వారం పక్కన గడ్డపార

తిరుమలలో గంటలకొద్దీ నిలబడి మహాద్వారం దాకా వచ్చాక ఎవరి చూపైనా ముందుకే లాగుతుంది. ఆ గడప దాటేటప్పుడు ఒక్క క్షణం తల కుడిపక్కకు తిప్పండి. పైన గోడకు ఒక ఇనుప గడ్డపార వేలాడుతూ ఉంటుంది. గునపం అంటారు కొందరు. మా చిత్తూరు పల్లెల్లో బావి తవ్వినా, చెట్టు నాటినా చేతికొచ్చే పనిముట్టు అదే. కొండమీద పూలతోట పెంచిన అనంతాళ్వారుదని చెప్పుకునే గడ్డపార అది. తిరుపతి కూడళ్లలో ఎందరివో విగ్రహాలున్నాయి. ఒక తోటమాలి జ్ఞాపకానికి ఇంతకంటే మంచి శిల్పం నేను చూడలేదు.

అనంతాళ్వారు పదకొండో శతాబ్దంలో పుట్టినవాడు, మైసూరు వైపు మనిషి. శ్రీరంగంలో రామానుజాచార్యుల దగ్గర చదువుకుంటున్నాడు. తిరువాయ్‌మొళి అనే తమిళ ప్రబంధం పాఠం చెబుతూ గురువు ఒకరోజు ఆగి, వేంకటాచలం వెళ్లి స్వామికి పూలసేవ చేసేదెవరని అడిగారట. అప్పట్లో కొండ అంటే అడవి, చలి, మృగాలు. అందరూ తలొంచుకున్నారు. అనంతుడు లేచాడు. ‘ఆణ్‌పిళ్లై’, అంటే మగవాడంటే నువ్వేనని గురువు మెచ్చుకున్నందుకే అనంతాన్‌పిళ్లై అనే పేరు వచ్చిందంటారు.

భార్యను వెంటబెట్టుకుని వచ్చి గుడికి పడమట తోట వేశాడు. పూలమొక్క రోజూ నీళ్లడుగుతుంది. అందుకని చెరువు తవ్వడం మొదలుపెట్టాడు. కూలివాళ్లను పెట్టుకోలేదు. తాను తవ్వేవాడు, నిండు గర్భిణి అయిన ఇల్లాలు మట్టి గంపలు మోసేది. ఒక పిల్లవాడు వచ్చి ఆమె గంప అందుకున్నాడు. సేవలో మరొకరి చెయ్యి పడకూడదని అనంతాళ్వారు పట్టుదల. వద్దన్నా వినకపోయేసరికి కోపంతో గడ్డపార విసిరాడు. అది పిల్లవాడి గడ్డానికి తగిలింది. తర్వాత గుడిలో చూస్తే మూలవిరాట్టు గడ్డం నుంచి నెత్తురు! ఇప్పటికీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం అద్దుతున్నది ఆ గాయానికేనని భక్తుల నమ్మకం.

ఈ కథ విన్నప్పుడల్లా నా మనసు ఆ ఇల్లాలి దగ్గరే ఆగిపోతుంది. చెరువులో సగం ఆమె కష్టం. ద్వారం దగ్గర గడ్డపార ఉంది, గంప లేదు. దాని పక్కనే ఒక మట్టి గంప కూడా వేలాడితే ఎంత బాగుండేదో!

ఆ తోటనే పురుశైవారి తోట అంటారు. తిరుమలలో పూలన్నీ స్వామికే, ఆడవాళ్లు తలలో పెట్టుకోరు. ఆ నియమం ఉన్నచోట, రాత్రిపూట ఎవరో తోటలో పూలు కోస్తున్నారని తెలిస్తే తోటమాలి ఊరుకుంటాడా? కాపు కాసి పట్టుకోబోతే, వచ్చింది స్వామీ అమ్మవారూనట. అమ్మవారు దొరికిపోయింది, సంపెంగ చెట్టుకు కట్టేశాడు. స్వామి మాత్రం గుడిచుట్టూ అప్రదక్షిణంగా పరుగెత్తి తప్పించుకున్నాడు. తెల్లవారాక సంగతి తెలిసి, అమ్మవారిని పూలబుట్టలో పెట్టుకుని గుడికి చేర్చాడు. అలా ఆడపిల్లను అప్పగించిన తండ్రిలా స్వామికి మామ అయ్యాడు.

ఇది కథగానే మిగిలిపోలేదు. ఏటా బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు బాగ్‌ సవారి జరుగుతుంది. బాగ్‌ అంటే తోట, సవారి అంటే ఊరేగింపు. ఎప్పుడూ ప్రదక్షిణంగా తిరిగే స్వామి ఆరోజు అప్రదక్షిణంగా కదిలి ఆ తోటకు వెళ్తాడు. తొమ్మిది రోజులు వాహనాల మీద ఊరేగిన దేవుడు మర్నాడే తోటకు రావడం నాకు బ్రహ్మోత్సవాలంత గొప్పగా కనిపిస్తుంది.

ఒకసారి తోటలో అనంతాళ్వారును పాము కరిచిందట. మందు వేసుకోమంటే వద్దన్నాడు. విషం నెగ్గితే వైకుంఠంలో సేవ, తాను నెగ్గితే పుష్కరిణిలో మునిగి ఇక్కడే సేవ అని చెప్పి పూలు కోసుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆయన సమాధి అయిన బృందావనం ఆ తోటలోనే ఉంది. అక్కడొక పొగడ చెట్టు. పొగడపూలు చిన్నవి, ఎండినా వాసన వదలవు. ఆడిమాసం పుబ్బ నక్షత్రం నాడు ఉత్సవమూర్తి మలయప్పస్వామి ఉభయ దేవేరులతో ఇక్కడికి వస్తాడు. హారతిచ్చి, పూలమాల వేసి, మన తలలమీద పెట్టే శఠారినే ఆ చెట్టుకూ పెడతారు.