గుంటగలగర – వెంట్రుకల పెరుగుదల

పలకపై బలపముతో అక్షరములు దిద్దినవారికి గుంటగలగర ఎరుగని మొక్క కాదు. ఆకును బొగ్గుతో కలిపి రుద్దినచో తెల్లబారిన పలక మరల నల్లగా నిగనిగలాడెడిది. కాగజ్‌నగర్ అనగానే సిర్పూరు కాగితపు మిల్లు జ్ఞప్తికి వచ్చును గాని, ఆ ఊరి దాపున పెద్దవాగు పారు ప్రాంతమున వరిమడుల గట్లపై, కుంటల అంచులందు ఈ మొక్కయు మొలచును. సంస్కృతమున దీనిని భృంగరాజమందురు. శాస్త్రనామము ఎక్లిప్టా ప్రోస్ట్రేటా. ఇది పొద్దుతిరుగుడు కుటుంబములోనిది. పూలు తెల్లనివి, చొక్కా గుండీలంత యుండును.

ఆకును నలిపినచో రసము, కోసిన వంకాయవలె, గాలి తగిలినకొలది నల్లబడును. రసము నల్లన గనుక జుట్టునకు మేలని పెద్దలు తలచిరి కాబోలు! రంగును బట్టి గుణమును నిర్ణయించుట సరికాదు. మొక్కలో నిజముగా ఏమున్నదో చూడవలెను.

1956లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో టి. ఆర్. గోవిందాచారిగారును, వారి సహచరులును వెడెలోలాక్టోన్ అను ద్రవ్యపు నిర్మాణమును తేల్చిరి. పసుపుపచ్చని పూలుగల వెడీలియా మొక్కనుండి దానికా పేరు వచ్చినది. గుంటగలగరలోను అది యున్నది. ఇదిగాక స్టెరాలులనబడు కొవ్వుజాతి ద్రవ్యములు గలవు. ఇంట ఆకురసమును నూనెలో పోసి చిటపటలు ఆగువరకు కాచునప్పుడు నీరు ఆవిరియై, ఇట్టి ద్రవ్యములు నూనెలో దిగును. 2008లో వెలువడిన ఒక పరిశోధనలో, పెట్రోలియం ఈథరుతో తీసిన ఈ మొక్క సారమును బొచ్చు గొరిగిన ఎలుకలపై పూయగా వెంట్రుకలు త్వరగా మొలచినవి. పెట్రోలియం ఈథరు కూడ నూనెవలె కొవ్వుజాతి ద్రవ్యములనే ఎక్కువగా లాగును.

అట్లయిన మన తలపైనను ఇదే జరుగునా? తొందరపడరాదు. మన వెంట్రుక కుదురు 2 నుండి 6 ఏండ్లు పెరుగును, 2, 3 వారములు కుంచించుకొనును, సుమారు 3 నెలలు విశ్రమించును. పిమ్మట వెంట్రుక రాలి, కొత్తది మొలచును. రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలుట సహజమే. ఎలుక చర్మమున కుదుళ్లు గుంపులుగా ఒక్కసారి మేల్కొనును. మన తలపై ఏ కుదురు లెక్క దానిదే.

ఇంకొక చిక్కు గలదు. టైఫాయిడు వంటి తీవ్రజ్వరము తగిలినప్పుడు ఎన్నో కుదుళ్లు ఒక్కుమ్మడిగా విశ్రాంతిలోనికి పోవును. రోగి కోలుకొన్న 2, 3 నెలలకు జుట్టు కుచ్చులుగా ఊడివచ్చును. సరిగా అప్పుడే ఇంటిలో గుంటగలగర నూనె పొయ్యి ఎక్కును! కొన్ని నెలలకు జుట్టు తనంతట తానే తిరిగి వచ్చును; కీర్తి మాత్రము నూనెకు దక్కును. నూనె రాయని వారితో పోల్చి చూచినగాని దాని వంతు ఎంతయో తేలదు.

నూనె రాచుటవలన వెంట్రుకకు నునుపు వచ్చు మాట నిజమే. కాని రూపాయి బిళ్లంత మేర బోడియైనను, తలపై పొలుసులు లేచి దురద పుట్టినను, రక్తహీనతవలన జుట్టు రాలుచున్నను ముందు వైద్యునికి చూపవలెను. నూనె సంగతి తరువాత.