ఓటు అడగక్కర్లేని పెద్దలు

1893 సెప్టెంబరు 8. వెల్లింగ్టన్‌లో న్యూజీలాండ్ పార్లమెంటు ఎగువ సభ ఎదుట స్త్రీల ఓటు హక్కు బిల్లు ఉంది. ఉద్యమకారిణి కేట్ షెపర్డ్, ఆమె తోటివారు దేశమంతటా సేకరించిన దాదాపు 32 వేల సంతకాల అర్జీ అప్పటికే పార్లమెంటుకు చేరింది. దిగువ సభ సరేనంది. ఇక తేల్చాల్సింది లెజిస్లేటివ్ కౌన్సిల్. అందులో కూర్చున్న ఏ ఒక్కరినీ జనం ఎన్నుకోలేదు. అంతా గవర్నర్ నియమించినవాళ్లే.

ప్రధాని రిచర్డ్ సెడన్‌కు ఆ బిల్లు నెగ్గడం ఇష్టం లేదు. ఎగువ సభే దాన్ని అడ్డుకుంటుందన్నది ఆయన లెక్క. ఆ లెక్క తప్పేట్టు కనిపించేసరికి, సొంత లిబరల్ పక్ష సభ్యుడొకరి ఓటు మార్పించడానికి తెరవెనుక ఒత్తిడి తెచ్చాడు. సంగతి పొక్కింది. బిల్లుకు బద్ధ వ్యతిరేకులైన విలియం రెనాల్డ్స్, ఎడ్వర్డ్ స్టీవెన్స్ ఈ జోక్యానికి మండిపడి, బిల్లుకే ఓటేశారు. అనుకూలం 20, వ్యతిరేకం 18. సెప్టెంబరు 19న గవర్నర్ గ్లాస్గో సంతకం పెట్టాడు. పార్లమెంటు ఎన్నికల్లో స్త్రీలకు ఓటు ఇచ్చిన తొలి స్వపరిపాలిత దేశం న్యూజీలాండే. అంతటి హక్కు, దాన్ని వద్దన్న ఇద్దరి కోపంతో గట్టెక్కింది. ఆ మహిళల ఏళ్ల శ్రమ అంత సన్నని దారంపై వేలాడాల్సిన పరిస్థితే అన్యాయం.

ఈ సభకు మూలం 1852లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన రాజ్యాంగ చట్టం. లండన్‌లో ప్రభువుల సభ ఉన్నట్టే వలసలోనూ ఒక పెద్దల సభ ఉండాలనుకున్నారు. వంశపారంపర్య ప్రభువులు అక్కడ లేరు కాబట్టి నియామకమే మార్గమైంది. 1854 మేలో ఆక్లండ్‌లో తొలిసారి సమావేశమైంది. పదవి జీవితకాలం.

1872లో మూలవాసులైన మావోరీలకు ఈ సభలో తొలిసారి చోటు దక్కింది. మొకెనా కొహెరె, వి టాకో ఙాటాటా సభ్యులయ్యారు. ఇది చిన్న విషయం కాదు.

అసలు గొడవ నియమించే చేతి దగ్గరే. 1890 డిసెంబరు ఎన్నికల్లో ఓడిన ప్రధాని హ్యారీ అట్కిన్సన్, దిగిపోయే ముందు తన వాళ్లు ఆరుగురిని కౌన్సిల్‌లోకి పంపి, తానూ స్పీకర్‌గా వెళ్లి కూర్చున్నాడు. 1892లో స్పీకర్ గదిలోనే కన్నుమూశాడు. జనం వద్దన్న పక్షానికి ఎగువ సభలో బలం అలా మిగిలింది. కొత్త ప్రధాని జాన్ బ్యాలెన్స్ 1891లో చట్టం తెచ్చి, కొత్త సభ్యుల పదవీకాలాన్ని ఏడేళ్లకు కుదించాడు. తన వాళ్లను పంపుతానంటే మాత్రం గవర్నర్లు ఒప్పుకోలేదు. పంచాయితీ లండన్‌కు చేరింది. మంత్రుల సలహా పాటించాల్సిందేనని 1892లో వలస వ్యవహారాల శాఖ తేల్చింది. గవర్నర్ పెత్తనం తగ్గడం మంచిదే. కానీ ఆనాటి నుంచి కౌన్సిల్ కుర్చీ ప్రధాని చేతిలోకి పోయింది. ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన సభను ప్రభుత్వమే నింపుకుంటే నిలదీసేదెవరు?

స్త్రీలకు ఓటొచ్చిన 53 ఏళ్లకు, 1946లో గానీ మేరీ డ్రీవర్, మేరీ ఆండర్సన్ అనే ఇద్దరు మహిళలు కౌన్సిల్‌లో అడుగు పెట్టలేదు.

నాలుగేళ్లకే సభ ముగిసింది. ప్రధాని సిడ్నీ హాలండ్, రద్దుకు ఓటేస్తారనే నమ్మకంతో కొత్త సభ్యులను నియమించాడు. జనం వాళ్లను ‘ఆత్మాహుతి దళం’ అన్నారు. 1950 డిసెంబరు 1న చివరి సమావేశం. 1951 జనవరి 1 నుంచి కౌన్సిల్ లేదు.

దాని స్థానంలో మరో సభ రాలేదు. దిగువ సభలో మెజారిటీ ఉన్న ప్రభుత్వానికి పార్లమెంటులో అడ్డు లేకుండా పోయింది. న్యాయశాస్త్ర ఆచార్యుడు జెఫ్రీ పామర్ 1979లో ఈ పగ్గాల్లేని అధికారం మీదే పుస్తకం రాశాడు. తర్వాత ఆయనే ప్రధాని కూడా అయ్యాడు. 1993లో ఎన్నికల పద్ధతిపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగి, పార్టీలకు పడిన ఓట్ల నిష్పత్తిలో సీట్లు దక్కే పద్ధతికి జనం మొగ్గు చూపారు. ఆ పద్ధతిలో తొలి ఎన్నికలు 1996లో జరిగాయి. ఆ ఫలితాల్లో ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు.